మీటరు బజారు గేటు దగ్గర కాదు, పొలం గట్టు మీద ఉండాలి

ఆ మధ్య విజయవాడలో ఒక రైతుబజారులో జరిగిన సంగతి ఇది. వంకాయలు అమ్ముకుంటున్న మన రైతు ఒకాయన దగ్గరికి ఓ ఉద్యోగస్తుడు వచ్చాడు. సంచిలోంచి సెల్‌ఫోనంత పరికరం తీసి, దాని సూదిని కాయకు గుచ్చాడు. తెర ఎర్రబడింది. "ఏమయ్యా, ఇంత విషం కొట్టి తెచ్చి మా పిల్లల చేత తినిపిస్తున్నావా?" అని నలుగురూ వినేలా అడిగి వెళ్ళిపోయాడు. కాయలు ఏరుకుంటున్నవాళ్ళు కూడా చేతులు దులుపుకుని పక్క స్టాలుకు జరిగారు. ఆ రైతు మధ్యాహ్నం దాకా కూర్చుని, మిగిలిన రెండు గోతాలూ అడ్డికి పావుసేరు లెక్కన ఇచ్చేసి బస్సెక్కాడు.

ఆ రైతు ఆ తోటకు మందు కొట్టాడా అంటే కొట్టాడు. ఆయనే చెప్పాడు. కానీ ఆ పరికరం కొలిచింది పురుగుమందును కాదు. ఆన్‌లైన్‌లో దొరికే ఈ సూది మీటర్లలో చాలావాటి పని, కాయ రసంలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూసి దాన్నిబట్టి నైట్రేట్ ఎంత ఉందో అంచనా కట్టడం. నైట్రేట్ మనం వేసే యూరియాకూ, పశువుల ఎరువుకూ సంబంధించిన వ్యవహారం. ఒక్క చుక్క పురుగుమందు తగలని ఆకుకూరకు గుచ్చినా ఎర్రరంగు రావచ్చు. ఈ సంగతి మీటరు కొన్నాయనకు తెలియదు. అవమానం, నష్టం మాత్రం రైతుకు మిగిలాయి.

ఇది ఒక మనిషి పొరపాటు అని వదిలేస్తే సరిపోదు. ఈ సూది మీటరు పురుగుమందును చూడలేకపోవచ్చు గానీ, నిజంగా చూడగలిగిన పరికరాలు వస్తున్నాయి. కాగితం మీద రంగు మారేవి, ఫోనుకు తగిలించి చూసేవి, సంచిలో పెట్టుకుపోయేవి వస్తున్నాయి. ఇంజనీరింగ్ కాలేజీల ప్రదర్శనల్లో విద్యార్థులు చేసి చూపిస్తున్నారు. రేపో మాపో అవి మన రైతుబజార్లకు, హోల్‌సేల్ మార్కెట్లకు వస్తాయి. వచ్చాక వద్దంటే, "దొంగ కాబట్టే భయపడుతున్నాడు" అంటారు. అందుకే అవి రాకముందే మన సంఘం ఒక మాట మీద ఉండాలి. నా అభిప్రాయం ఇదీ: మీటరు రావాలి. అయితే అది మొదట రావలసింది బజారు గేటు దగ్గరికి కాదు, మన పొలం గట్టు మీదికి.

మన తప్పు ముందు ఒప్పుకుందాం

ఇతరుల సంగతి మాట్లాడే ముందు మన సంగతి మాట్లాడుకోవాలి. కరకట్ట వెంట లంకల్లోనూ, కంకిపాడు, తోట్లవల్లూరు, ఉయ్యూరు వైపూ, కృష్ణకు అవతల కొల్లిపర, దుగ్గిరాల వైపూ కూరగాయలు పండించే ఇళ్ళలో దాచిపెట్టలేని రహస్యం ఒకటుంది. అమ్మే తోట వేరు, ఇంటికి కోసుకునే మడి వేరు. నేనూ అలాగే చేశాను. ఎకరం వంగ తోట ఉంటే, గట్టు పక్కన పది మొక్కలకు మందు కొట్టకుండా వదిలేవాణ్ణి. మా ఇంట్లో కూర ఆ మొక్కలదే. పుచ్చు ఉన్నచోట కోసి పారేసి మిగతాది వండుకునేవాళ్ళం. బజారుకు పుచ్చుకాయ తీసుకెళ్తే ముట్టుకునేవాళ్ళు లేరు కాబట్టి అక్కడికి నిగనిగలాడే కాయ వెళ్ళేది.

రైతులందరూ ఇలా చేస్తారని నేననను. కానీ ఈ అలవాటు ఉన్నంతకాలం "మాకేం తెలియదు" అనే హక్కు మనకు లేదు. సాయంత్రం మందు కొట్టి, తెల్లవారుజామున కోసి, ఏడింటికల్లా బజారులో పెట్టిన రోజులు ఉన్నాయి. ఆ కాయ తినేది కూలి పని చేసుకునే మనిషి కావచ్చు, ఆటో నడిపే మనిషి కావచ్చు. వాళ్ళూ మనలాంటివాళ్ళే. 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలైనప్పుడు దళారి లేకుండా రైతూ వినియోగదారుడూ ఎదురెదురుగా నిలబడతారని చెప్పారు. ఎదురెదురుగా నిలబడ్డాక మొహం చూసి అమ్మగలగాలి.

ఈ మాట ఒప్పుకున్నాక అడగవలసిన ప్రశ్న ఇంకోటి ఉంది. ఎందుకిలా జరుగుతోంది? మీటరు ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు. మనం చెప్పాలి.

ఇరవై రెండు రోజుల గడువు

వంగ తోటనే తీసుకుందాం. కొమ్మ, కాయ తొలుచు పురుగు కాయలోకి దూరిందంటే ఇక ఏ మందూ దాన్ని అందుకోదు. దూరకముందే కొట్టాలి. అందుకని వారానికోసారి, ఒక్కోసారి రెండుసార్లు కొడతారు. ఈ పురుగుకు ఇప్పుడు బాగా పనిచేస్తుందని వాడుతున్న మందుల్లో క్లోరాంట్రానిలిప్రోల్ ఒకటి. దాని లేబుల్ ప్రకారం, మందు కొట్టాక కోతకు ఆగవలసిన గడువు టమాటాకు 3 రోజులు, బెండకు 5 రోజులు, వంకాయకు 22 రోజులు.

కాపు మీదున్న వంగ తోటలో మూడు నాలుగు రోజులకోసారి కాయ కోయాల్సిందే. 22 రోజులు ఆగితే ఐదారు కోతలు పోతాయి. ఆగినా ఆ కాయ ముదిరి గింజపట్టి దేనికీ పనికిరాదు. అంటే లేబుల్ మీద రాసింది పాటించాలంటే కాపు దశలో ఆ మందు ముట్టుకోకూడదు. ఎమామెక్టిన్ బెంజోయేట్ వంటి మందుకు వంకాయలో గడువు 3 రోజులే. ఏది పూతకు ముందు కొట్టాలి, ఏది కాపులో కొట్టొచ్చు అని తెలిస్తే చాలామంది పాటిస్తారు. తెలియజేసేది ఎవరు? సీసాతో వచ్చే కాగితం మడతలు విప్పి చూస్తే చీమల బారులాంటి అక్షరాలు. ఊళ్ళో మన వ్యవసాయ సలహాదారు మందుల షాపు యజమాని. ఆయనకు మందు మీద మార్జిన్ ఉంటుంది, మన అప్పు ఖాతా ఆయన పుస్తకంలోనే ఉంటుంది. "ఇది కొట్టు, మూడు రోజుల్లో తేడా చూడు" అంటాడు. "ఇది కొడితే 22 రోజులు కోయకు" అన్న షాపు యజమానిని నేనింతవరకూ చూడలేదు.

ఇంకో చిక్కు ఉంది. మందులను పంటవారీగా నమోదు చేస్తారు. వరికి, పత్తికి, మిరపకు నమోదైన మందులు బోలెడు. దొండ, తోటకూర, బచ్చలి వంటివాటికి నమోదైనవి చాలా తక్కువ. కంపెనీలకు అంత చిన్న మార్కెట్ కోసం పరీక్షల ఖర్చు పెట్టడం గిట్టదు. కానీ పురుగుకు అది చిన్న పంట అని తెలియదు కదా. దొండ పందిరి మీద తెగులు కనపడగానే రైతు పక్క పంట మందు తెచ్చి కొడతాడు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధనల్లో పరిమితి ఖరారు చేయని చోట మామూలుగా వర్తించేది కిలోకు 0.01 మిల్లీగ్రాము. అంటే 100 టన్నుల కూరగాయలకు ఒక్క గ్రాము మందు. పది టన్నుల లారీలు పది బారుగా నిలబెడితే, వాటన్నిటి మీదా కలిపి ఒక గ్రాము. ఆ పరిమితి ఆరోగ్యం కోసం పెట్టారు, కాదనను. కానీ దారి చూపించకుండా గీత మాత్రం గీస్తే రైతు గీత దాటక ఏం చేస్తాడు?

ప్రభుత్వాల తీరు చూడండి. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడకాన్ని కేంద్రం 2005లోనే నిషేధించింది. మందును మాత్రం వేరే పంటల పేరుతో షాపుల్లో ఉండనిచ్చింది. 36 శాతం ద్రావణాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది 2023లో, అదీ ఉన్న సరుకు అమ్ముకోవడానికి గడువు ఇచ్చి. పద్దెనిమిదేళ్ళపాటు ఆ సీసా షాపు అరలో ఉంది. కౌంటరు దగ్గర నిలబడిన రైతు పొలంలో ఉన్నది వరా, వంగా అని చూసేవాళ్ళెవరు?

మీటరు దేన్ని చూస్తుంది, దేన్ని చూడదు

ఇప్పుడు పరికరం సంగతి. చేత్తో పట్టుకుపోయే పరీక్షల్లో పాతదీ, బాగా వాడుకలో ఉన్నదీ ఎంజైము పరీక్ష. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులూ, కార్బోఫ్యూరాన్ వంటి కార్బమేట్ మందులూ పురుగు నరాల్లో ఉండే ఎసిటైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైమును పనిచేయకుండా ఆపుతాయి. అలా చస్తుంది పురుగు. అలాంటి ఎంజైమునే ఒక కార్డులో పెట్టి, కూరగాయ నుంచి తీసిన ద్రవం చుక్క వేస్తారు. ఎంజైము పనిచేస్తే కార్డు నీలం రంగుకు వస్తుంది. తెల్లగానే ఉండిపోతే మందు ఉన్నట్టు. తైవాన్ వ్యవసాయ పరిశోధనా సంస్థ 1985లోనే ఈ తరహా పరీక్షను తయారుచేసింది. అక్కడి మార్కెట్లలో ఏళ్ళ తరబడి వాడారు. చైనా 2003లో ఇలాంటి పరీక్షకు జాతీయ ప్రమాణం రాసుకుంది. కాబట్టి ఇదేదో గాలిమాట కాదు, పనికొచ్చే పరీక్షే.

కానీ దాని హద్దులు మనం తెలుసుకోవాలి. మొదటిది, అది ఆ రెండు కుటుంబాల మందులనే చూస్తుంది. సింథటిక్ పైరిత్రాయిడ్లు, ఇమిడాక్లోప్రిడ్ కుటుంబం, పైన చెప్పిన క్లోరాంట్రానిలిప్రోల్, తెగుళ్ళ మందులు చాలావరకు దాని కంటికి ఆనవు. రెండవది, ఉల్లి, వెల్లుల్లి, ముల్లంగి, కొత్తిమీర, టమాటా వంటివాటి రసంలోనే ఎంజైమును తికమక పెట్టే పదార్థాలున్నాయి. మందు లేకపోయినా ఉన్నట్టు చూపించవచ్చు. చైనా ప్రమాణంలోనే ఈ హెచ్చరిక రాసి ఉంది. మూడవది, ఈ కార్డులు చాలా మందులను పట్టేది కిలోకు మిల్లీగ్రాము, రెండు మిల్లీగ్రాముల దగ్గర. చట్టం అడిగే 0.01కూ దీనికీ నూరు రెట్లకు పైగా తేడా.

దీని ఫలితం ఎలా ఉంటుందో ఊహించండి. నిన్న సాయంత్రం ఖరీదైన కొత్త మందు కొట్టి పొద్దున్నే కోసిన రైతు కార్డు నీలంగా వచ్చి గేటు దాటిపోతాడు. డబ్బు లేక పాత చవక మందు కొట్టి వారం ఆగిన కౌలు రైతు పట్టుబడవచ్చు. మందు ముట్టుకోని కొత్తిమీర రైతు ఊరికే దోషి కావచ్చు. ఈ మూడు సందర్భాల్లోనూ తినేవాడికి న్యాయం జరగలేదు, పండించినవాడికీ జరగలేదు.

కొత్త తరహా సెన్సార్లు ఇంకా మెరుగైనవి. బంగారు నానో రేణువులతో రంగు మార్చేవి, విద్యుత్ సంకేతంతో కొలిచేవి వస్తున్నాయి. బ్రెజిల్‌లోని సావో పౌలో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు చేతి తొడుగు వేళ్ళ మీద సెన్సార్లు పెట్టి, వేలితో తాకి మందు ఉందో లేదో చెప్పేలా తయారుచేశారు. అక్కడా ఒక్కో వేలు ఒక్కో తరహా మందును గుర్తిస్తుంది. మన మార్కెట్‌లో ఉన్న మందులు వందల్లో ఉన్నాయి. వాటిలో ఎక్కువభాగాన్ని ఒకేసారి, చట్టం అడిగిన సూక్ష్మతతో కొలవాలంటే ఇప్పటికీ కోట్ల రూపాయల యంత్రాలున్న ప్రయోగశాలకే పోవాలి. కాబట్టి చేతిలో పట్టే మీటరు చెప్పేది అనుమానం మాత్రమే. అనుమానాన్ని తీర్పుగా మారిస్తేనే ప్రమాదం.

చట్టం ఏం చెబుతోంది

2006 నాటి ఆహార భద్రతా చట్టం 18(3) సెక్షన్ రైతునూ, వ్యవసాయ పనులనూ, పొలం స్థాయిలో రైతు పండించిన పంటనూ తన పరిధి నుంచి మినహాయించింది. దీన్ని పట్టుకుని "మమ్మల్నెవరూ అడగకూడదు" అనడం నాకిష్టం లేదు. కానీ ఆ మినహాయింపు ఎందుకు పెట్టారో గుర్తుంచుకోవాలి. చేతిలో లైసెన్సూ లాయరూ ఉన్న వ్యాపారి వేరు, రెండు గోతాలతో బస్సు దిగిన రైతు వేరు.

వ్యాపారి విషయంలో చట్టం ఎంత జాగ్రత్త తీసుకుందో చూడండి. అధికారి నమూనా తీస్తే దాన్ని నాలుగు భాగాలు చెయ్యాలి. విశ్లేషకుడు 14 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. నివేదిక తప్పనిపిస్తే 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు, రెండో ప్రయోగశాలకు పంపించుకోవచ్చు. మరి గేటు దగ్గర కార్డు తెల్లగా ఉండిపోయిన రైతుకు? రెండో నమూనా లేదు, అప్పీలు లేదు. ఆకుకూర సాయంత్రానికి వాడిపోతుంది. తర్వాత ల్యాబు "తప్పేం లేదు" అని చెప్పినా వాడిపోయిన కట్టలు తిరిగి పచ్చబడవు. రైతుబజారు గుర్తింపు కార్డు రద్దు చేస్తే ఆ కుటుంబం మళ్ళీ కమీషన్ ఏజెంటు గుమ్మం ఎక్కాల్సిందే.

అవశేషాల లెక్క రైతు మీద ఆయుధంగా మారడం మనకు కొత్త కాదు. 2015లో తమిళనాడు నుంచి వచ్చే కూరగాయల్లో మందు ఎక్కువుందని కేరళ అంటే, కాదని తమిళనాడు అంది. రెండు ప్రభుత్వాలు వాదులాడుకున్నాయి. సరిహద్దు దగ్గర లారీలు ఆపుతారేమోనని మధ్యలో నలిగింది పండించిన రైతులే.

ఎగుమతి సరుకుకైతే ముందే పరీక్ష, మన పిల్లలకైతే గేటు దగ్గరా?

పొలం దగ్గర ముందుగా పరీక్ష చేయడం సాధ్యమేనా అని అడిగేవాళ్ళకు దూరం పోకుండా జవాబు చెప్పవచ్చు. మన డెల్టాలోనే కైకలూరు, బంటుమిల్లి వైపు రొయ్యల రైతులను అడగండి. ఎగుమతికి వెళ్ళే రొయ్యను చెరువు పట్టకముందే నమూనా తీసి, సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ ల్యాబుల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి నిషేధిత యాంటీబయాటిక్కుల కోసం పరీక్షిస్తారు. ఆ ఫలితం చూశాకే పట్టుబడి. ద్రాక్షకూ అంతే. యూరప్ దేశాలు మన ద్రాక్షలో అవశేషాల గురించి అభ్యంతరం చెప్పాక, అపెడా 2006లో గ్రేప్‌నెట్ అనే ఏర్పాటు తెచ్చింది. తోటకు నంబరు, కోతకు ముందు నమూనా, పెట్టె మీద నంబరు చూస్తే ఏ తోటదో తెలిసే పద్ధతి.

ఈ ఏర్పాట్లలో రొయ్యల రైతుకు, ద్రాక్ష రైతుకు ఇబ్బందులు లేవని కాదు. కానీ ఒక్క సంగతి తేలిపోయింది. కోతకు ముందు పరీక్షించాలన్న జ్ఞానం మన ప్రభుత్వాలకు ఉంది. లండన్‌లో తినేవాడి కోసం ఆ జ్ఞానాన్ని వాడుతున్నారు. సింగ్‌నగర్‌లో తినేవాడి కోసం ఎందుకు వాడరు?

కోతకు రెండు రోజుల ముందు నాలుగు కాయలు పట్టుకెళ్ళి రైతు సేవా కేంద్రంలో చూపిస్తే, "ఇంకో మూడు రోజులు ఆగు" అని చెబితే, మన రైతు ఆగడా? ఆగితే పోయే కోత ఎంతో, బజారుకు వెళ్ళాక పోయే పరువు ఎంతో లెక్క వేసుకోలేని అమాయకుడేం కాదు రైతు. అదే మీటరు అక్కడుంటే సలహా అవుతుంది, గేటు దగ్గరుంటే శిక్ష అవుతుంది.

సీసానూ కొలవండి

రైతు చేసిన తప్పు రైతు మోస్తాడు. చెయ్యని తప్పు ఎవరు మోస్తారు? "బయో" అని, "సేంద్రియ" అని రాసి ఉన్న సీసా కొట్టిన మర్నాడే పురుగు గుట్టలుగా రాలిపోతే అందులో ఉన్నది వేపనూనె కాదని అందరికీ అర్థమవుతుంది. ఆ రసాయనం కాయలో దొరికితే దోషి ఎవరు? కాయను కొలిచే ముందు సీసాను కొలవండి. నియోజకవర్గాల్లో అగ్రి ల్యాబులను 2021లో ప్రారంభించారు. విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు పరీక్షించడం వాటి పని. రైతు తెచ్చిన సీసాను అక్కడ పరీక్షించి, సీజను అయిపోకముందే ఫలితం చెప్పే పద్ధతి ఉండాలి. కల్తీ తేలితే షాపు మీదా కంపెనీ మీదా కేసు పడాలి, రైతుకు పరిహారం రావాలి.

ప్రకృతి వ్యవసాయం చేస్తున్నవాళ్ళకు కూడా ఇది అవసరం. మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ ద్వారా 2016 నుంచి ఆ కార్యక్రమం నడుస్తోంది. అంతకుముందే, ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లా పూనుకుల పురుగుమందులు మానేసిన ఊరుగా పేరు తెచ్చుకుంది. లింగాకర్షక బుట్టలు పెట్టి, పుచ్చు కొమ్మలు తుంచి, కషాయాలు కొట్టి పండించేవాళ్ళ కాయకు మార్కెట్‌లో వేరే గుర్తింపు లేదు. మంచి మీటరు వాళ్ళకు సాక్ష్యం అవుతుంది. అయితే డెల్టాలో గట్టుకు గట్టు ఆనుకుని ఉంటుంది. పక్క వరి చేలో కొట్టిన మందు గాలికి వచ్చి పడుతుంది. ఒకరి చేలో నీళ్ళు ఇంకొకరి చేలోకి పారుతాయి. తాను కొట్టని మందు తన తోటకూరలో దొరికితే ఆ రైతు ఏం సమాధానం చెబుతాడు? ఒక్క రీడింగు చూసి మాట్లాడేవాళ్ళు ఈ సంగతి ఆలోచించాలి.

అదే ఎంజైము మన ఒంట్లోనూ ఉంది

పురుగు నరాల్లో ఉన్న ఎంజైము గురించి చెప్పాను. అదే ఎంజైము మనిషి నరాల్లో, రక్తంలో కూడా ఉంటుంది. తినేవాడి నోట్లోకి వెళ్ళేది మందు అవశేషం. కొట్టేవాడి ఒంటి మీద పడేది మందే. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. మన దగ్గర కూడా స్ప్రేయరు దించి, తల తిరుగుతోందని గట్టు మీద కూలబడి, "ఎండ దెబ్బ" అనుకుని మజ్జిగ తాగి పడుకున్నవాళ్ళు ఎంతమందో. అందులో ఎంత ఎండ, ఎంత మందు అని ఎవరూ కొలవలేదు.

కొలవవచ్చు. రక్తంలో కోలినెస్టరేజ్ ఎంత తగ్గిందో చెప్పే పరీక్ష ఎప్పటినుంచో ఉంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఈ తరహా మందులు తరచుగా వాడే కార్మికులకు ఆ పరీక్షలు చేయించాలన్న నిబంధన 1974 నుంచి ఉంది. ఎంజైము మరీ తగ్గితే ఆ మనిషిని మందు పనినుంచి తప్పించాలి. వంకాయ కోసం మీటరు కొనడానికి ముందుకొచ్చే ప్రభుత్వం, ఆ వంకాయకు మందు కొట్టిన కూలీ రక్తం కోసం ఒక్క పరీక్ష కూడా పెట్టకపోతే దాన్ని ఆహార భద్రత అని ఎలా అంటాం?

ఎవరి నెత్తిన పడుతుంది?

డెల్టాలో సాగు చేసేవాళ్ళలో కౌలు రైతులు ఎక్కువ. లంక భూముల సంగతి చెప్పనే అక్కర్లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.4 లక్షల క్యూసెక్కులు దిగినప్పుడు లంకల్లో పందిళ్ళు, అరటి, కంద అన్నీ మునిగాయి. కౌలు మాత్రం మునగలేదు. అలాంటి ఏడాది మళ్ళీ అప్పు తెచ్చి తోట పెట్టిన మనిషి ఒక్క కాయ పుచ్చిపోయినా తట్టుకోలేడు. అందుకే మందు ఎక్కువ కొడతాడు. ఆ భయాన్ని తగ్గించకుండా మీటరు ఒక్కటే తెస్తే, రేపు గేటు దగ్గర పట్టుబడేది ఆ మనిషే. భూమి యజమాని కాదు, మందుల కంపెనీ కాదు, 22 రోజుల సంగతి చెప్పని షాపు యజమాని కాదు.

మనం అడగవలసినవి

ఒకటి, చేతి మీటర్లను ముందు రైతు సేవా కేంద్రాల్లో పెట్టాలి. కోతకు ముందు ఉచితంగా పరీక్షించాలి. ఫలితం రైతుకు సలహాగా మాత్రమే ఉండాలి.

రెండు, బజారులో పరీక్ష పెడితే ఏ పరికరం ఏ మందులను చూస్తుందో, వేటిని చూడదో తెలుగులో బోర్డు పెట్టాలి. చేతి పరీక్ష ఆధారంగా గుర్తింపు కార్డు రద్దు చేయకూడదు. రెండో నమూనా ఉంచి ప్రయోగశాలలో నిర్ధారించాలి. ఆపిన సరుకు మంచిదని తేలితే ఆ రోజు ధరకు డబ్బు చెల్లించాలి.

మూడు, ప్రతి సీసా మీద కోతకు ఆగవలసిన రోజులు పంటవారీగా తెలుగులో పెద్ద అంకెల్లో ముద్రించాలి. అమ్మే ప్రతి మందుకూ బిల్లు ఇవ్వాలి, బిల్లు మీద ఆ రోజులు రాయాలి.

నాలుగు, మూడు రోజులకోసారి కోసే పంటలకు, దొండ, ఆకుకూరల వంటి చిన్న పంటలకు ఏ పద్ధతులు, ఏ మందులు పనికొస్తాయో విశ్వవిద్యాలయాలు, ఉద్యాన శాఖ తేల్చి చెప్పాలి. లింగాకర్షక బుట్టలు, జిగురు అట్టలు సబ్సిడీ మీద సీజను మొదట్లోనే ఇవ్వాలి.

ఐదు, మందు కొట్టే కూలీలకు, రైతులకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కోలినెస్టరేజ్ రక్త పరీక్ష చేయాలి.

ఇవి ప్రభుత్వాన్ని అడిగేవి. మన చేతిలో ఉన్న పని ఇంకోటుంది. ప్రతి గ్రామ శాఖలో కూరగాయలు వేసేవాళ్ళు ఒక నోటు పుస్తకం పెట్టుకుందాం. ఏ తోటకు, ఏ మందు, ఏ తేదీన కొట్టాం, ఏ తేదీన కోశాం అని నాలుగు గళ్ళు చాలు. ఎవరి మీటరైనా ఎర్రగా మెరిసిన రోజు మనం చూపించడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. అన్నిటికంటే ముందు, ఇంటి మడినీ అమ్మే తోటనూ ఒకే లెక్కన చూడటం మొదలుపెడదాం. నేను ఈ కార్తెలో వేసిన వంగకు వేరే పది మొక్కలు వదల్లేదు. మా ఇంట్లో వండేదీ బజారుకు వెళ్ళేదీ ఇప్పుడు ఒకే సాలులోది. పుచ్చు కాస్త కనబడుతోంది. అడిగినవాళ్ళకు ఎందుకో చెబుతున్నాను. కొందరు పెట్టేసి వెళ్ళిపోతున్నారు. కొందరు ఆగి, విని, కొంటున్నారు.